గ్లాసు వెనక చెయ్యి

మా రోజుల్లో తాగే చోటికి తలుపు ఉండేది కాదు. జనగామ దిక్కు మా ఊళ్ళో కల్లు మండువ అంటే చెరువు కట్ట కింద ఈత వనం, ఒక పక్కన తాళ్ళు, మధ్యలో వేప చెట్టు, ఆ నీడలో కూర్చోడానికి నాలుగు రాళ్ళు. ఇప్పుడు జూబ్లీహిల్స్‌లో కాక్‌టెయిల్ బార్‌కు పోవాలంటే ముందు ఫోన్‌లో సీటు రాయించుకోవాలి. వీధిలో బోర్డు లేని తలుపు వెతుక్కోవాలి. తలుపు దగ్గర నిలబడ్డ మనిషికి పేరు చెప్పాలి. ముప్ఫై మందికి మించి పట్టని చీకటి గదిలో, వీపుకు ఆసరా లేని ఎత్తు స్టూలు ఎక్కాలి. రెండు గంటలు కాగానే ఆ స్టూలు ఇంకొకరికి ఖాళీ చేసి లేవాలి. డబ్బు పెట్టి తినడానికి, తాగడానికి పోయిన మనిషికి ఇన్ని పరీక్షలు దేనికి?

అయినా తలుపు సంగతి చిన్నది. నా అసలు కోపం వేరే ఉంది. అది చెప్పాలంటే ముందు మండువ సంగతి చెప్పాలి.

కల్లు ఎట్లా వచ్చేదో కళ్ళారా చూసినవాళ్ళం మేం. తెల్లారకముందే కల్లు గీసే గౌడన్న మోకు భుజాన వేసుకుని, ముస్తాదు నడుముకు బిగించుకుని వనంలోకి పోయేవాడు. తాటి గెల కొసను పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వెంట్రుకవాసి మందాన చెక్కాలి. ఎక్కువ చెక్కితే గెల పాడవుతుంది, తక్కువ చెక్కితే ధార ఆగిపోతుంది. చెట్టుకు కట్టిన లొట్టిలో బొట్టు పడ్డ క్షణం నుంచే పులియడం మొదలవుతుంది. పొద్దుటి కల్లు తియ్యన, పొద్దెక్కితే పులుపు, రాత్రికి ఘాటు. పోతుతాడు కల్లుది ఒక రుచి, పరుపుతాడుది ఇంకో రుచి, పండుతాడుది మరో రుచి. ఒకటి తగ్గుతుంటే ఇంకొకటి అందుకునేది. ఈత కల్లు వీటన్నిటికీ వేరు. మా నాయన రెండు గుక్కలు తాగి, "ఇది వాగు పక్క చెట్టుది గదా" అనేవాడు. గౌడన్న నవ్వి తల ఊపేవాడు. ఏ చెట్టుదో, ఎవరు గీశారో, ఎప్పుడు దించారో తాగేవాడికి తెలిసేది.

తాటాకును మడిచి రేక చేసి రెండు చేతులతో పట్టుకుంటే, లొట్టి వంచి పైనుంచి పోసేవాడు. పక్కనే గంప పెట్టుకుని ఒక పెద్దమ్మ కూర్చునేది. ఆమె గంపలో బొబ్బెర గుడాలు, ఉడకబెట్టిన పల్లీలు, నిప్పుల మీద కాల్చిన ఎండుచేప. ఆదివారమైతే బోటి, కార్జం, నల్ల. మోదుగాకు దొప్పలో గుప్పెడు పెట్టి ఇచ్చేది. ఆ దొప్ప అందరి మధ్యలో ఉండేది, అందరి చేతులూ అందులోకే పోయేవి. కల్లుకు తీపీ పులుపూ ఉంటాయి కాబట్టి నంజుడుకు ఉప్పూ కారం గట్టిగా పట్టించేది. గుక్కకూ గుక్కకూ మధ్య నాలుకను మళ్ళీ సిద్ధం చేయడం దాని పని. కడుపు నింపడానికి ఇంట్లో జొన్న రొట్టె ఉండేది. ఎంత పెట్టాలో, ఎంత కారం వేయాలో, ఏది దేనితో నప్పుతుందో ఆ పెద్దమ్మకు ఎవరూ నేర్పలేదు.

మండువ స్వర్గమని నేను చెప్పను. తలుపు లేకపోయినా హద్దులు ఉండేవి. మాదిగ వాడ నుంచి వచ్చినవాళ్ళు దూరంగా కూర్చునేవాళ్ళు, వాళ్ళ రేకలో కల్లు ఇంకా పైనుంచి పడేది. తాగి ఇంటికి పోయి భార్యను కొట్టినవాళ్ళు మా ఊళ్ళోనూ ఉన్నారు. ఆ రోజులు తిరిగి రావాలని నేను కోరుకోవడం లేదు. ఆ రోజుల్లోని పనితనం ఎటు పోయిందని అడుగుతున్నాను.

మొన్న మా మేనల్లుడు పట్టుబట్టి ఈ కొత్త బార్‌కు తీసుకుపోయాడు. "మామా, నువ్వు తాగకున్నా సరే, ఒక్కసారి వచ్చి చూడు. వాళ్ళ పని నీకు నచ్చుతది" అన్నాడు. వాడు చెప్పింది నిజమే. కౌంటర్ వెనక నిలబడ్డ కుర్రవాడి పని చూస్తూ నేను చాలాసేపు మాట్లాడలేదు.

గ్లాసులో వేసిన మంచుగడ్డ అద్దమంత తేటగా ఉంది. ఎట్లా అని అడిగితే ఓపికగా చెప్పాడు. నీళ్ళను నాలుగు వైపులనుంచీ గడ్డ కట్టిస్తే లోపలి గాలి నడిమధ్యన చిక్కుకుని తెల్లగా మసకబారుతుందట. అందుకే చుట్టూ చలి తగలకుండా కప్పిపెట్టి, పైనుంచి కిందికి ఒకే దిక్కుగా గడ్డ కట్టనిస్తారు. గాలి అడుక్కి పోతుంది, ఆ అడుగు భాగాన్ని కోసి పారేస్తారు. పెద్ద గడ్డ మెల్లగా కరుగుతుంది కాబట్టి చివరి గుక్క దాకా రుచి పలచబడదు. ఇంకో గ్లాసులో నీళ్ళలాంటి తేట పానీయం పోశాడు. అందులో చింతపండు ఉంది, టీ డికాక్షన్ ఉంది, రమ్ము ఉంది, పాలు కూడా ఉన్నాయి. పులుపు తగిలి పాలు విరుగుతాయి. ఆ విరుగుడు టీలోని వగరును పట్టి లాగేస్తుంది. గుడ్డలో వేసి రాత్రంతా వడగడితే రంగూ వగరూ పోయి నునుపైన రుచి మిగులుతుంది. మూడు వందల ఏళ్ళ నాటి పద్ధతి ఇది. ఇంత ఓపిక ఉన్న కుర్రవాళ్ళు మన నగరంలో ఉన్నందుకు సంతోషించాను. మా కాలంలో బార్ అంటే గ్లాసులో పెగ్గు కొలిచి పోసి, సోడా సీసా మూత ఎగరగొట్టి ముందు పెట్టడమే. పోసేవాడికి పనితనం ఉండాలని అక్కడ ఎవరూ అనుకోలేదు.

తిండీ అంతే. బొటనవేలంత సర్వపిండి ముక్క మీద పీత మాంసం, దాని మీద గోంగూర పచ్చడి చుక్క. కరకరలాడేట్టు వేయించిన బోటి, పక్కన పచ్చిమామిడి పులుపుతో చేసిన చల్లని పొడి. ఇప్ప పువ్వు పాకంలో నానిన అంజీరు. ఒక్కో పళ్ళెంలో నాలుగు ముద్దలకు మించి ఉండదు. రుచి బాగుంది. బోటిని అంత శుభ్రంగా కడిగి, వాసన లేకుండా వేయించడం తేలికైన పని కాదని వండినవాళ్ళకు తెలుసు. నాలుగు ముక్కలకు వాళ్ళు కట్టిన ధరతో మా ఇంట్లో అందరికీ రెండు పూటలా వండొచ్చు. అయినా ఆ ధర మీద నాకు పెద్ద తగాదా లేదు. పనికి వెల ఉంటుంది.

నా తగాదా మెనూ కార్డు మీద. చీకట్లో ఫోన్ లైటు వేసుకుని అది మొత్తం చదివాను. జిన్ను ఏ ఊళ్ళో తయారైందో రాశారు. రమ్ము ఎన్నేళ్ళు పీపాలో ఉందో రాశారు. గ్లాసు కల్పన ఎవరిదో పేరుతో సహా రాశారు, అది మంచి పని. ఒక గ్లాసులో తాటిబెల్లం పాకం ఉంది. దాని దగ్గర మాత్రం తాటిబెల్లం అని ఊరుకున్నారు. ఏ ఊరి తాళ్ళు? ఎవరు ఎక్కారు? తెల్లారకముందే ఆ నీరాను దించి, పులియకముందే పొయ్యి మీద పెట్టి, గంటల తరబడి కాచింది ఎవరు? ఆ కుర్రవాణ్ణి అడిగితే సప్లయర్ పంపుతాడన్నాడు. తప్పు ఆ కుర్రవాడిది కాదు. మనం ఎవరి పనిని పనితనం అని పిలుస్తున్నామో, ఎవరి పనిని లెక్కలోకే తీసుకోవడం లేదో ఆ కార్డు మీద కనిపించింది.

ఈ రోజు దించినది ఈ రోజే, ఈ కాలంలో పండినదే, దగ్గరి ఊళ్ళదే అని ఇట్లాంటి బార్లు గొప్పగా రాసుకుంటున్నాయి. ఈ మూడు మాటలూ గౌడన్న లొట్టికి తరతరాలుగా వర్తించాయి. కానీ అప్పుడు దాన్ని నాటు అన్నారు, మోటు అన్నారు, చదువుకున్నవాడు అటువైపు పోకూడదన్నారు. ఉద్యోగాలు వచ్చాక మా ఈడువాళ్ళు ఊరికి పోతే మండువ పక్కనుంచి తల తిప్పుకుని నడిచారు. ఇప్పుడు వాళ్ళ మనవలు అవే మాటలు చదివి వెయ్యి రూపాయల గ్లాసు తెప్పించుకుంటున్నారు.

చరిత్ర కూడా చెప్పాలి. ఈ కలిపి తాగే పానీయాల సంస్కృతి అంతా ఇంగ్లండు, అమెరికాల నుంచి దిగుమతి అయిందని మా మేనల్లుడి స్నేహితులు అనుకుంటున్నారు. నిజానికి కాక్‌టెయిల్‌కు ముందు పంచ్ అనే పానీయం ఉంది. సారాయి, నిమ్మరసం, చక్కెర, నీళ్ళు, మసాలా కలిపి పెద్ద గిన్నెలో చేసేవాళ్ళు. ఈస్టిండియా కంపెనీ నావికులు, వర్తకులు మన రేవుల్లో దాన్ని అలవాటు చేసుకుని వాళ్ళ దేశానికి తీసుకుపోయారు. ఇంగ్లీషు రాతల్లో ఆ పానీయం పేరు దొరికే అతి పాత చోటు 1632 నాటి ఒక ఉత్తరం. కంపెనీ మనిషి ఒకతను పెటపోలిలో ఉన్న వర్తకుడికి రాశాడు. పెటపోలి అంటే మన నిజాంపట్నం. ఇంగ్లీషు రాతల్లో ఆంధ్ర తీరంలో కూర్చున్న తెల్ల వర్తకుడి గిన్నెతో మొదలైన కథ ఇది. ఆ గిన్నెలోకి సారాయి అందించిన మనిషి పేరు ఏ ఉత్తరంలోనూ లేదు. దాదాపు నాలుగు వందల ఏళ్ళ తర్వాత కూడా మనం అదే అలవాటు కొనసాగిస్తే ఎట్లా?

మధ్యలో ఏం జరిగిందో మా తరానికి బాగా తెలుసు. 1980లలో ప్రభుత్వమే వారుణి వాహిని పేరుతో సారాయిని ప్యాకెట్లలో నింపి ఊరూరికీ చేర్చింది. చెట్టెక్కే పని లేదు, పులిసే సమయం లేదు, నంజుడు అక్కర్లేదు. పళ్ళతో ప్యాకెట్టు కొరికి గొంతులో పోసుకోవడమే. కూలి డబ్బంతా అందులోకే పోయింది. చివరికి నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు లేచారు. 1992లో మొదలైన ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరులో సారాయి నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో అది పోయింది. ఆ ఆడవాళ్ళకు ఇప్పటి తెలుగు రాష్ట్రాలు రెండూ ఎప్పటికీ రుణపడి ఉన్నాయి. వాళ్ళు పోరాడింది ఇంటిని ముంచిన ప్యాకెట్టు మీద. ఆ ప్యాకెట్టు వెనక ఏ పనితనమూ లేదు, కాంట్రాక్టరు లాభం ఉంది.

కల్లుకు జరిగిన అన్యాయం ఇంకోరకం. హైదరాబాద్ కల్లు కాంపౌండ్లలో గిరాకీకి సరిపడా చెట్లు లేవు. తాటి చెట్టు గీతకు రావాలంటే పదిహేనేళ్ళు పడుతుంది, అన్నాళ్ళు ఆగే ఓపిక వ్యాపారికి లేదు. నీళ్ళలో శాక్రిన్ కలిపి, మత్తుకు క్లోరల్ హైడ్రేట్, డైజోపాం, ఆల్ప్రాజోలం కలిపి కల్లని అమ్మారు. 2004లో నగరంలో కాంపౌండ్లు మూయించారు, తెలంగాణ రాష్ట్రం వచ్చాక 2014లో మళ్ళీ తెరిచారు. కల్తీ మాత్రం ఆగలేదు. 2015లో కల్తీ కల్లు మీద దాడులు జరిగినప్పుడు, ఆ మందులకు అలవాటుపడ్డ జనం ఒక్కసారిగా అవి అందక వణుకుతూ, పిచ్చిచూపులతో ఆసుపత్రులకు చేరారు. 2025 జులైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి మనుషులు చనిపోయారు. చనిపోయినవాళ్ళు పేదవాళ్ళు. అదే నగరంలో, మెట్రో ఎక్కితే కొద్దిసేపట్లో చేరే దూరంలో, ఒక మంచుగడ్డ తేటగా రావడానికి రోజంతా కష్టపడుతున్నారు. తాగేవాడి గ్లాసులో ఏముందో తెలుసుకునే హక్కు కూడా డబ్బున్నవాడికే మిగిలింది. నాకు నిద్ర పట్టనివ్వని సంగతి ఇదే.

చెట్టెక్కినవాడి సంగతీ చెప్పాలి. మోకు జారితే మనిషి నేల మీద పడతాడు. పడి ప్రాణం పోయినవాళ్ళను, నడుము విరిగి మంచాన పడ్డవాళ్ళను నేను చిన్నప్పటి నుంచీ చూశాను. పడకుండా ఆపే తాళ్ళు, బెల్టులతో కాటమయ్య రక్షణ కవచం పేరుతో కిట్లు ఇవ్వడం 2024లో మొదలైంది. అంతకుముందు ఎన్ని తరాలు మోకునే నమ్ముకుని ఎక్కాయో ఆలోచించండి. 2023లో నెక్లెస్ రోడ్డు మీద నీరా కేఫ్ పెట్టారు. పులియని నీరాను శుభ్రంగా, చల్లగా, కుటుంబంతో కూర్చుని తాగేట్టు ఏర్పాటు చేయడం మంచి ఆలోచన. లొట్టికి సున్నం రాసి, తెల్లారకముందే దించి, చల్లదనం చెడకుండా నగరానికి చేర్చడం ఎంత కష్టమో గీసేవాడికే తెలుసు. అట్లాంటి చోట్లు ఒకటి రెండు ఉంటే చాలదు.

ఇక కూర్చునే పద్ధతి. ఈ చిన్న బార్ల ఒరవడి చాలావరకు న్యూయార్క్‌లోని మిల్క్ అండ్ హనీ అనే చోటు నుంచి వచ్చింది. సాషా పెట్రాస్కీ అనే ఆయన 1999 చివర్లో దాన్ని తెరిచాడు. బోర్డు లేని తలుపు, కొద్ది సీట్లు, మసక వెలుతురు అక్కడివే. అక్కడ నియమాలూ ఉండేవి. అరవకూడదు, కేకలు పెట్టకూడదు, మగవాళ్ళు టోపీ తీయాలి, తెలియని ఆడవాళ్ళ దగ్గరికి తమంతట తాముగా పోయి పలకరించకూడదు. చిన్న చోటులో పక్కవాడికి ఇబ్బంది లేకుండా మాట్లాడుకోవాలని ఆ నియమాలు పెట్టాడు. మన నగరంలో తలుపునూ చీకటినీ తెచ్చుకున్నారు, నిశ్శబ్దాన్ని అక్కడే వదిలేశారు. మేం కూర్చున్నంతసేపూ గోడలు అదిరే పాట. నా పక్కన కూర్చున్న మేనల్లుడి మాట వినడానికి చెవి దగ్గర పెట్టాల్సి వచ్చింది. పళ్ళెం రాగానే ఎవరూ చెయ్యి పెట్టలేదు, ముందు అన్ని ఫోన్లూ ఫొటోలు తీసుకున్నాయి. మంచు కరుగుతోంది, వేడి చల్లారుతోంది. వండినవాళ్ళ కష్టం ఆ రెండు నిమిషాల్లో సగం పోయింది. మండువలో దొప్ప మధ్యలో పెట్టేవాళ్ళు, దాని చుట్టూ మనుషులు దగ్గరికి జరిగేవాళ్ళు. అన్నదమ్ముల భూమి తగాదాలు అక్కడ తెగేవి, పెళ్ళి సంబంధాల మాట అక్కడ మొదలయ్యేది. చిన్న పళ్ళెం పెట్టేది మనుషులు దగ్గరవ్వడానికి. నాలుగు ముద్దలు నలుగురు పంచుకుంటున్నప్పుడు ఒకరి ముఖం ఒకరికి కనపడాలి, ఒకరి మాట ఒకరికి వినపడాలి.

ఇది రాసింది తాగమని చెప్పడానికి కాదు. తాగకుండా ఉండగలిగినవాడు అందరికన్నా మేలు. తాగే చోట్లు మాత్రం ఉన్నాయి, ఉంటాయి. ఉన్నంతకాలం అవి ఎట్లా ఉండాలన్నదే నా మాట.

ఆ బార్ నడిపేవాళ్ళకు నా విన్నపం ఒకటి. మీ పనితనం మీద నాకు గౌరవం ఉంది. జిన్ను తయారైన ఊరు రాసిన చేత్తోనే తాటిబెల్లం కాచిన ఊరు పేరు రాయండి, ఇప్ప పువ్వు ఏరిన గూడెం పేరు రాయండి, ఒప్పుకుంటే ఆ మనిషి పేరూ రాయండి. సప్లయర్‌ను దాటి ఒకసారి ఆ ఊరికి పోయి రండి, గెల ఎట్లా చెక్కుతారో చూడండి. మీ గ్లాసు ధరలో వాళ్ళ వాటా ఎంతో లెక్క వేసుకోండి. పాట కొంచెం తగ్గించండి.

ఆబ్కారీ వాళ్ళకూ ఒక మాట. కల్తీ జరిగి మనుషులు పోయాక దాడులు చేస్తే ఏం లాభం? కాంపౌండ్‌లో పోసే ప్రతి లొట్టి ఏ చెట్లదో, ఏ సంఘానిదో రాసి గోడకు పెట్టించండి, నమూనాలు నెలనెలా పరీక్ష చేసి ఫలితం కూడా అక్కడే అంటించండి. చెట్లు ఎన్ని ఉంటే అంతే కల్లు అమ్మనివ్వండి. రక్షణ కిట్టు లేకుండా ఏ మనిషీ చెట్టెక్కే అవసరం రాకుండా చూడండి. చెరువు కట్టల మీద ఈత, తాటి మొక్కలు నాటించి బతికించండి. పదిహేనేళ్ళు ఆగగలిగిన ప్రభుత్వమే ఈ పని చేయగలదు.

మా మేనల్లుడికీ, వాడి ఈడు పిల్లలకూ చివరి మాట. పనితనాన్ని గుర్తుపట్టే కన్ను మీకు ఉంది, మా తరానికి అది లేకపోయింది. మంచుగడ్డ తేటగా ఉందని మెచ్చుకోగలిగినవాళ్ళు గెల కొసను వెంట్రుకవాసి చెక్కే చేతినీ మెచ్చుకోగలరు. వచ్చే చలికాలంలో ఊరికి పోయినప్పుడు మండువ పక్కనుంచి తల తిప్పుకుని పోకండి. గౌడన్నను పేరుతో పలకరించండి, ఏ చెట్టుదని అడగండి, ఆయన చెప్పిన ధరకు బేరమాడకండి.